మైనారిటీ ఇంటర్న్‌షిప్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆర్ట్ మ్యూజియం మైనారిటీ ఇంటర్న్‌షిప్ గారికి,

అమెరికాలో మాలాంటి తెల్లవాళ్లు కాని పిల్లలకి మ్యూజియం పని నేర్పే మీ వార్షికోత్సవానికి రమ్మన్న ఆహ్వానం ఇవాళ పొద్దున అందింది. మీరు నా జీవితాన్ని ఎలా మార్చారో వేదికెక్కి చెప్పాలట. ఫీజు లేదు, గుడ్డ సంచీ ఇస్తారట. పార్కింగ్ ఖర్చు నాదేనట. ధన్యురాలిని.

పోయిన నెలే కదండీ, మ్యూజియం వస్తువుల్నీ ప్రదర్శనల్నీ చూసుకునే అసిస్టెంట్ క్యురేటర్ ఉద్యోగానికి నేను పెట్టిన దరఖాస్తుని అనుభవం చాలదని తిప్పికొట్టారు? మీ దగ్గర చేసిన వేసవి చాకిరీ శిక్షణే గానీ అనుభవం కాదట. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

మీ స్టైపెండ్ ఊళ్లో అద్దెకి చాలలేదు, పోనివ్వండి. కష్టాలన్నీ ఒక్క పేజీలో రాయమన్నారు, రాశాను. బ్రోషర్‌లో నా ఫోటో ఇప్పటికీ నవ్వుతోంది, నవ్వనివ్వండి.

ఉద్యోగం సంగతే మింగుడుపడటం లేదు. 2015లో కళలకి డబ్బు సాయం చేసే మెలన్ ఫౌండేషన్ లెక్క తీస్తే, అమెరికా ఆర్ట్ మ్యూజియంల క్యురేటర్లు, వస్తువులు పాడవకుండా కాపాడే కన్జర్వేటర్లు, ఎడ్యుకేటర్లు, పెద్ద పదవుల్లోవాళ్లు కలిపి 84 శాతం తెల్లవాళ్లే. మిగతా రంగులు ఎక్కువగా కనపడేది సెక్యూరిటీలో, క్లీనింగ్‌లో. మీ ఇంటర్న్‌షిప్‌ల జాతిలో పెద్దది, లాస్ ఏంజెలెస్ గెట్టీ కళాసంస్థ వారిది, 1993లోనే పుట్టింది. ఆ మొదటి బ్యాచ్ పిల్లలకి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. మీరింకా ‘రేపటి తరం’ అంటూనే ఉన్నారు! ఎన్ని వేసవులు శిక్షణ ఇస్తారండీ? కుర్చీ ఎప్పుడిస్తారు? ఇచ్చే ఉద్దేశం లేకపోతే ఆ ముక్క ముందే చెప్పి చావచ్చుగా!

2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి మన ఫణిగిరి, అమరావతి శిల్పాలు వచ్చాయి. రాళ్లకి దక్కిన మర్యాద చూసి అసూయపడ్డాను.

అయినా నిజం చెప్పాలి. కలంకారీ గుడ్డని ఆసిడ్ లేని కాగితం వేసి గొట్టానికి చుట్టడం, నంబరున్న పట్టీని దారంతో కుట్టడం నేర్పింది మీ స్టోర్‌రూమే. అక్కడ ఒక గుడ్డకి రికార్డులో ‘పర్షియా’ అని ఉంటే, పర్షియా బజారు కోసం మచిలీపట్నంలో వేసిందని నేను చూపించాను. దిద్దారు కూడా. దిద్దినవాళ్ల పేరు దగ్గర ‘ఇంటర్న్’ అని మాత్రం రాశారు.

సభకి రాను. మీరు తీసుకున్న ఆ అనుభవజ్ఞుడికి గుడ్డ గురించి సందేహమొస్తే ఫోన్ చేయమనండి. గంటకింత అని తీసుకుంటాను.

ఇట్లు,
మీ రేపటి తరం