డాక్‌లను ముంచింది సమ్మెలేనా?

లండన్ డాక్‌లు, అంటే ఓడల సరుకు దించే రేవులు, కూలీల సమ్మెల వల్లే మూతపడ్డాయని మీ వ్యాసంలో తేల్చేశారు. అది సగం మాటే. 1802లో తెరిచిన వెస్టిండియా డాక్స్‌లో చక్కెర, రమ్ము పీపాలు అన్నీ మనుషులే దించేవారు. 1960ల నుంచి కంటైనర్లు, అంటే సరుకు నింపే పెద్ద ఇనుప పెట్టెలు, వచ్చాయి. వాటిని మోసే పెద్ద ఓడలు పాత డాక్ గేట్లలో పట్టవు, పెట్టెలు పేర్చడానికి జాగా లేదు. సరుకు థేమ్స్ నదికి దిగువనున్న టిల్‌బరీ రేవుకి పోయింది, 1980లో వెస్టిండియా డాక్స్ మూతపడ్డాయి. ఇప్పుడక్కడ కెనరీ వార్ఫ్ అనే ఆఫీసుల పేట, దాన్నిండా బ్యాంకులు!

సముద్రం లేకపోయినా హైదరాబాద్ వాళ్లకిది కొత్తేమీ కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం పోయింది, పాత స్థలంలో ఆసుపత్రి కడుతున్నారు. ఆసుపత్రి కావాల్సిందే, కాదనను. కానీ డాక్ హమాలీల గురించి వ్యాసంలో మీరు రెండు లైన్లతో సరిపెట్టారు. డాక్ పక్కనే కాపురం ఉన్నవాళ్లకు ఆ బ్యాంకుల్లో ఏ ఉద్యోగం దొరికిందో కూడా రాయాల్సిందండీ.