'యాండ్' కనబడితే కాంపౌండేనా?

కర్నూలులో డీఎస్సీకి చదివేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇంగ్లిష్ వాక్యం చిన్నదైతే సింపుల్, మధ్యలో 'యాండ్' ఉంటే కాంపౌండ్, 'ఆఫ్టర్', 'హూ' లాంటివి కనబడితే కాంప్లెక్స్, పైగా తెలుగు వ్యాకరణంలోని వాక్య భేదాలు వస్తే చాలు, ఇంగ్లిష్‌కీ అదే లెక్కనట. దీన్ని నమ్ముకుని పరీక్షకు పోతే మార్కులు గోవిందా.

పొడవుతో పనేముంది? లెక్క క్లాజులది, అంటే కర్త, దాని క్రియ ఉన్న ముక్కలది: ఒక్కటే ఉంటే సింపుల్, దాని మీద ఆధారపడే ఇంకోటి తోడైతే కాంప్లెక్స్. 'ఐ నో హి లైడ్' నాలుగే మాటలు, అయినా కాంప్లెక్సే, 'హి లైడ్' అనేది 'నో'కి కర్మగా వచ్చిన క్లాజు, ముందుండాల్సిన 'దట్' ఎగిరిపోయింది, అంతే. అదే 'ఆఫ్టర్ ద హెవీ రెయిన్ లాస్ట్ నైట్, ద ఓల్డ్ బస్ ఫ్రమ్ ఆదోని రీచ్డ్ కర్నూల్ వెరీ లేట్' అని ఎంత సాగదీసినా సింపులే. ఇందులో 'ఆఫ్టర్' కూడా ఉంది చూడండి, కానీ దాని వెనక వాన పేరు తప్ప కర్త, క్రియ లేవు. 'ఆఫ్టర్ ఇట్ రెయిన్డ్' అని మార్చండి, అప్పుడు కాంప్లెక్స్ అవుతుంది. 'హూ' కూడా అంతే: 'హూ కేమ్?' సింపుల్, 'ఐ నో హూ కేమ్' కాంప్లెక్స్.

'యాండ్' సంగతి మరీ తేలిక. 'రవి యాండ్ సీత సా కొండారెడ్డి బురుజు'లో అది కలిపింది రెండు పేర్లనే, కాబట్టి సింపులే. కాంపౌండ్ కావాలంటే అటూ ఇటూ తమంతట తాము నిలబడే క్లాజులుండాలి.

అసలు కొంప ముంచేది ఆ తెలుగు లెక్కే. 'రవి దోసె తిని బడికి వెళ్లాడు' మనకు సంక్లిష్ట వాక్యం: 'తిని' అసమాపకం, 'వెళ్లాడు' సమాపకం. దాన్నే 'హావింగ్ ఈటెన్ ఎ దోస, రవి వెంట్ టు స్కూల్' అని రాస్తే బడి గ్రామర్ ప్రకారం సింపుల్, ఎందుకంటే 'హావింగ్ ఈటెన్' ఫైనైట్ క్రియ, అంటే కాలాన్ని బట్టి రూపం మారే క్రియ, కాదు. (ఈ కాలం వ్యాకరణాలు దాన్నీ నాన్‌ఫైనైట్ క్లాజు అంటాయి, అది వేరే పంచాయితీ.) సంక్లిష్టం అంటే కాంప్లెక్స్ అని టిక్కు పెట్టేవాళ్లు పడేది సరిగ్గా ఇక్కడే. 'ఆఫ్టర్ రవి హాడ్ ఈటెన్ ఎ దోస, హి వెంట్ టు స్కూల్' అంటే మాత్రం కాంప్లెక్స్.

ఫైనైట్ ఏదో తెలియకపోతే కాలం మార్చి చూడండి. 'హి వాంట్స్ టు గో'ని నిన్నటికి తోస్తే 'వాంట్స్' కాస్తా 'వాంటెడ్' అవుతుంది, 'టు గో' మాత్రం ఉన్నచోటి నుంచి కదలదు.