బావ కారు, 5/1

గుంటూరులో కారు కొనడం తేలిక. దాచడమే కష్టం.

మిర్చి రేటు ఇంకా పెరుగుతుందని మా బావ టిక్కీలన్నీ, అంటే మిర్చి బస్తాలన్నీ, కోల్డ్ స్టోరేజీలో పెట్టి కూర్చున్నాడు. రేటేమో దిగుతూ పోయింది, కారు వాయిదా మాత్రం ప్రతి ఐదో తారీఖునా ఠంచనుగా వచ్చేది. ఖాతాలో డబ్బుల్లేక బౌన్సయిన ప్రతిసారీ బ్యాంకు వాళ్లదో ఛార్జీ, ఫైనాన్సు వాళ్లదో ఛార్జీ.

"2024 నుంచి లేటుకి జరిమానా మటుకే వేయాలి. దాని మీద మళ్లీ వడ్డీ గుంజకూడదని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది, తెలుసా?" అన్నాడు బావ, అక్కడికి ఆ రూలు తనే దగ్గరుండి రాయించినట్టు. జరిమానా కట్టాలన్న ముక్క మాత్రం ఆయన చెవికెక్కలేదు.

హామీ సంతకం నాది కాబట్టి ఫోన్లు నాకు. పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక వసూలు ఫోన్లు చేయకూడదని 2022లోనే చెప్పారు. ఆ కుర్రాడు చాలా బుద్ధిమంతుడు, రూలు దాటడు. ఎనిమిది కొట్టగానే ఫోను మోగేది. మా ఆవిడ ఆ మోత విని కుక్కరు పొయ్యి మీద పెట్టేది.

మూడో నెల నోటీసొచ్చింది. "తొంభై రోజులు దాటితే మొండి బాకీ కింద రాసేస్తారు బావా. అప్పుడు ఒక్క వాయిదా పడేసి సర్దుకోమంటే కుదరదు, బకాయంతా కడితేగానీ ఖాతా దారికి రాదు" అన్నాను.

"ముందు బండి వాళ్లకి దొరకాలిగా!" అన్నాడు.

ఆ రాత్రే మా మేనల్లుడి చేత కారుకి కవరు తొడిగించి, ఎక్కడో పెట్టించాడు. వాడు తండ్రికి "5/1" అని మెసేజీ పెట్టి, తెల్లారేసరికి పరీక్షలని హాస్టలుకి పోయాడు. ఫోను స్విచ్చాఫ్.

5/1 అంటే ఐదో లైను, ఒకటో అడ్డరోడ్డు. వారం తర్వాత బావ బ్రాడీపేటలో అక్కడికి వెళ్లి చూస్తే కారు లేదు. సందంతా తిరిగాడు. ఇస్త్రీ బండి కింద కూడా వంగి చూశాడట, అక్కడ కారెలా పడుతుందో నాకర్థం కాలేదు. "సీజ్ చేశార్రా!" అని ఫోన్లో ఒకటే ఏడుపు.

ఇక ఆగలేదు. వచ్చిన రేటుకే టిక్కీలు తెగనమ్మి, మూడు వాయిదాలు, జరిమానాలు, బౌన్సు ఛార్జీలు అణాపైసలతో కట్టేశాడు. రసీదు బల్ల మీద కొట్టి, "ఇక నా బండి ఇవ్వండి" అన్నాడు.

కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మేం తీసుకెళ్లలేదు సార్. మావాళ్లు కూడా వెతుకుతున్నారు. దొరికితే మాకూ ఓ మాట చెప్పండి" అంది.

సాయంత్రానికి మేనల్లుడు ఫోనెత్తాడు. "బ్రాడీపేటని ఎవరన్నారు నాన్నా? అరండల్‌పేట!"

రైలు పట్టాలకి అటు బ్రాడీపేట, ఇటు అరండల్‌పేట. లైన్లూ అడ్డరోడ్లూ రెండు పేటల్లోనూ ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే ఇద్దరం వెళ్లాం. కారుంది. కవరు మీద పాత పంచె, పంచె నిండా గుమ్మడి వడియాలు. పక్కనే కుర్చీలో ఓ మామ్మగారు.

"అది నా కారండీ" అన్నాడు బావ.

"అయితే మంచిదే నాయనా. నిన్ననే పెట్టాను, ఇంకో రెండెండలు తగలాలి. కదిపావంటే విరిగిపోతాయి."

బావ జేబులోంచి రసీదు తీశాడు. మామ్మగారు కళ్లజోడు సవరించుకుని, పైనుంచి కిందిదాకా చదివి, మడిచి చేతిలో పెట్టారు. "ఇది వాళ్లకి చూపించు. ఈ లోపల ఆ కాకుల్ని కాస్త తోలు."

మూడు నెలలు అప్పులవాళ్లకి చిక్కని మనిషి, కర్ర పుచ్చుకుని నించున్నాడు.

"పక్కకి జరుగు బాబూ, నీడ పడుతోంది" అన్నారు మామ్మగారు.