గన్ కొనే ముందు ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకోండి

డాలస్ చుట్టుపక్కల ఎక్కడో ఒక తెలుగు ఇంట్లో దొంగతనం జరుగుతుంది. బంగారం పోతుంది. పగిలిన తలుపు ఫోటో వాట్సాప్ గ్రూపులోకి వస్తుంది. కాసేపటికే ఎవరో ఒకరు "అందరూ గన్ కొనుక్కోండి, వేరే దారి లేదు" అని పెడతారు. ఇక దాని కింద ఏ మోడల్ మంచిది, ఏ షాపులో రేటు తక్కువ అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. ఆ మాట మా ఇంట్లోనూ వచ్చింది. మా ఆయన గట్టిగానే అన్నారు. నేనూ కొట్టిపారేయలేదు. గన్ కాల్చడం నేర్పే రేంజ్‌కి వెళ్ళి క్లాసులో కూర్చున్నాను, చట్టం చదివాను, మా ఇంటిని గది గదికీ మళ్ళీ చూసుకున్నాను. ఇప్పటికైతే వద్దనే తేల్చుకున్నాను. "కొనండి" అని పెట్టేవాళ్ళు మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారని ఒక్కసారి కూడా అడగడం లేదు కాబట్టి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఈ భయం ఉత్తినే పుట్టింది కాదు. 2011 నుంచి 2014 దాకా ఒక ముఠా భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్ళనే ఏరుకుని దోచింది. జార్జియా, న్యూయార్క్, మిషిగన్, మన టెక్సాస్ కూడా అందులో ఉన్నాయి. మనుషులు ఇంట్లో ఉండగానే తుపాకులతో జొరబడ్డారు. ఆ ముఠాను నడిపిన హ్యూస్టన్ మహిళకు 2019లో 37 ఏళ్ళ జైలు శిక్ష పడింది. 2023 మే 6న డాలస్ దగ్గరి అలెన్ మాల్‌లో 8 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజినీర్ అమ్మాయి ఒకరు. ఆ మాల్‌కి మనందరం పిల్లల్ని తీసుకుని వెళ్ళేవాళ్ళమే. అందుకే గన్ కావాలనుకున్న వాళ్ళని నేను తప్పు పట్టను.

కానీ గ్రూపులోకి వచ్చే దొంగతనాల్లో చాలావరకు ఇంట్లో ఎవరూ లేనప్పుడు జరిగినవే. పెళ్ళికో, గుడికో, ఇండియాకో వెళ్ళినప్పుడు. బీరువాలో ఉన్న గన్ ఆ దొంగను ఎలా ఆపుతుంది? బంగారంతో పాటు దాన్నీ పట్టుకుపోతాడు. రేపు అది ఎవరి చేతిలో తేలుతుందో ఎవరికి తెలుసు?

టెక్సాస్‌లో కొనడం చాలా తేలిక. 21 ఏళ్ళు నిండి, గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో ఉంటే, షాపులో ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయిపోతే పిస్టల్ చేతికిస్తారు. అందరూ మొదట చెప్పే 9 ఎంఎం మోడళ్ళు 600 డాలర్ల లోపే వస్తాయి. చట్టం అడ్డు లేనివాళ్ళు దాన్ని నడుముకి పెట్టుకుని తిరగడానికి కూడా 2021 సెప్టెంబర్ నుంచి లైసెన్స్ అక్కర్లేదు. ఒక్క గంట ట్రైనింగ్ తీసుకోమని కూడా చట్టం అడగదు.

మనవాళ్ళు దాటేసి వెళ్ళిపోయే విషయం వీసా. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, విజిటర్ వీసా, వీటి మీద ఉన్నవాళ్ళు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళకు ఇచ్చినట్టు కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అంతే. సరదాగా రేంజ్‌కి వెళ్ళి అద్దె గన్‌తో కాల్చి ఫోటోలు పెట్టే కుర్రాళ్ళకు, ఆ కాసేపు చేత్తో పట్టుకోవడం కూడా ఇందులోకే వస్తుందని ఎవరూ చెప్పరు. ఫ్రెండ్ పేరు మీద కొనిపించుకుంటే ఇద్దరికీ కేసే. 2022లో వచ్చిన ఫెడరల్ చట్టం తర్వాత దానికి 15 ఏళ్ళ దాకా శిక్ష పడొచ్చు. నాకు బాధ అనిపించేది ఏంటంటే, రాత్రిళ్ళు గ్యాస్ స్టేషన్ కౌంటర్ వెనక నిలబడే మన స్టూడెంట్లకి అందరికన్నా ఎక్కువ ప్రమాదం. గన్ ముట్టుకోవద్దని చట్టం చెప్పేదీ వాళ్ళకే. మినహాయింపు దారిలో వేట తుపాకీ దొరికినా అదేం రక్ష కాదు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో మన హైదరాబాద్ కుర్రాడు ఒకరు పుట్టినరోజు నాడే, కొత్తగా కొన్న వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడు. ఇక్కడ విద్యార్థులకి కూడా తుపాకీ దొరుకుతుందన్న సంగతే ఆ తల్లిదండ్రులకు తెలియదట.

మా ఇంట్లో మేమిద్దరం సిటిజన్లమే. కానీ మా అత్తయ్య, మామయ్య విజిటర్ వీసా మీద వచ్చి నెలల తరబడి ఉంటారు. మేం ఆఫీసుకి వెళ్తే పగలంతా ఇంట్లో ఉండేది వాళ్ళే. వాళ్ళకి అందేచోట గన్ ఉంటే రేపు వాళ్ళ పరిస్థితి ఏంటి? వాళ్ళకి అందకుండా లాక్ చేస్తే, పగలు దొంగ వచ్చినప్పుడు అది ఎవరిని కాపాడుతుంది?

క్లాసులో ఒక సంగతి చూశాను. చెప్పే ఆయన రిటైర్డ్ పోలీసు. పిస్టల్ నుంచి మ్యాగజైన్, అంటే బుల్లెట్లు నింపే డబ్బా, తీసి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు ఇది ఖాళీయేనా?" అని అడిగారు. సగం మంది అవునన్నారు. ఆయన పిస్టల్ పైభాగాన్ని (స్లైడ్) వెనక్కి లాగారు. లోపలున్న డమ్మీ బుల్లెట్ టక్కున బల్ల మీద పడి దొర్లింది. మ్యాగజైన్ తీసేసినా ఛాంబర్‌లో, అంటే గొట్టం మొదట్లో బుల్లెట్ కూర్చునే చోట, ఒకటి ఉండిపోతుంది, చాలా మోడళ్ళలో ట్రిగ్గర్ నొక్కితే అది పేలుతుంది, "ఖాళీ గన్" ప్రమాదాలు ఇలాగే జరుగుతాయని చెప్పారు. మనవాళ్ళు ఎక్కువగా అడిగే గ్లాక్ కంపెనీ పిస్టల్‌లో వేలితో వేసే సేఫ్టీ మీట కూడా ఉండదు. ట్రిగ్గర్ మీద వేలు పడితే పేలడమే.

తర్వాత ఆయన గోడల గురించి చెప్పారు. మన ఇళ్ళ గోడలు ఇటుకతో కట్టినవి కావు, మధ్యలో చెక్కలు పెట్టి రెండు వైపులా షీట్‌రాక్ బిగించినవి. 9 ఎంఎం బుల్లెట్ వాటిని దాటుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతుంది. మా మేడ మీద హాల్లో నిలబడి మెట్ల వైపు గురి పెడితే ఆ వెనక ఉన్నది మా వాడి గది. అర్ధరాత్రి నిద్రమత్తులో, చీకట్లో, చేతులు వణుకుతుంటే కాల్చేది మా ఆయన. నీళ్ళ కోసం లేచిన మామయ్యా, దొంగా అని తేల్చుకోవడానికి ఉండేది ఒక్క క్షణం.

నన్ను ఇంతకన్నా ఎక్కువగా ఆపింది మా అమ్మాయి వయసు. హైస్కూల్ పిల్లలు ఎంత ఒత్తిడిలో ఉన్నారో ఇక్కడ ఏ తల్లిని అడిగినా చెబుతుంది. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. కాలిఫోర్నియాలో దాదాపు 2.6 కోట్ల మంది పెద్దవాళ్ళ వివరాలను 12 ఏళ్ళ పాటు పరిశీలించిన అధ్యయనం 2020లో వచ్చింది. సొంత హ్యాండ్‌గన్ ఉన్న మగవాళ్ళు తుపాకీతో ఆత్మహత్య చేసుకోవడం, లేనివాళ్ళతో పోలిస్తే 8 రెట్లు ఎక్కువ. ఆడవాళ్ళలో 35 రెట్లు. అదే బృందం 2022లో ఇంకో సంగతి చెప్పింది. గన్ ఉన్నవాళ్ళతో ఒకే ఇంట్లో ఉంటూ తమకంటూ గన్ లేనివాళ్ళు, ఇంట్లో భర్త చేతిలోనో భార్య చేతిలోనో కాల్పులకు చనిపోవడం 7 రెట్లు ఎక్కువ, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మా కుటుంబం అలాంటిది కాదని అందరం అనుకుంటాం. ఉద్యోగం పోయిన నెలలో, ఇద్దరికీ మాటలు లేని వారంలో కూడా ఆ గన్ అదే ఇంట్లో ఉంటుంది కదా.

"లాకర్‌లో పెడితే సరిపోతుంది కదా" అంటారు. పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేయడం నేరం కూడా. కానీ మన పిల్లలకు ఫోన్ పాస్‌వర్డ్‌లు ఎలా తెలుస్తున్నాయో లాకర్ కోడ్ కూడా అలాగే తెలుస్తుంది. అదీ మన పుట్టినరోజో, పెళ్ళిరోజో అయి ఉంటుంది.

అందుకే మేం బంగారమంతా బ్యాంక్ లాకర్‌కి మార్చాం. ముందు తలుపుకి, గరాజ్ నుంచి లోపలికొచ్చే తలుపుకి పొడుగు స్క్రూలతో కొత్త స్ట్రైక్ ప్లేట్లు, అంటే గడియ దిగేచోట బిగించే గట్టి రేకులు, వేయించాం. అలారం రాత్రిళ్ళు కూడా ఆన్‌లో ఉంటుంది. ఎవరైనా జొరబడితే పిల్లలతో సహా అందరం వెళ్ళి తలుపేసుకోవాల్సిన గది ఏదో అత్తయ్యకి కూడా చూపించాం, 911కి ఫోన్ చేసి అడ్రస్ చెప్పడం నేర్పాం. వీటి ఫోటోలు గ్రూపులో ఎవరూ పెట్టరు. పెడితే బాగుండు.

మీకు రాత్రిపూట షాపు ఉంది, ఇంట్లో చిన్నపిల్లలు లేరు, నెలనెలా రేంజ్‌కి వెళ్ళే ఓపిక ఉంది అనుకుంటే మీ లెక్క వేరు. కొనుక్కోండి. కొన్నాక మాత్రం దాచకండి. మా పిల్లల్ని మీ ఇంటికి ఆడుకోవడానికి పంపే ముందు, "మీ ఇంట్లో గన్ ఉందా? లాక్ చేసి ఉందా? బుల్లెట్లు వేరే పెట్టారా?" అని నేను అడుగుతాను. నట్స్ ఎలర్జీ ఉందని చెప్పడానికి ఎవరం మొహమాటపడం కదా, ఇదీ అంతే. దయచేసి ఏమీ అనుకోకండి, మీరూ నన్ను అడగండి.