సవరణ: మొదటి ఐప్యాడ్ ఛార్జింగ్, వైఫై

2010 ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చిన మొదటి ఐప్యాడ్ గురించి రాస్తూ, "కంప్యూటర్ యూఎస్‌బీకి పెడితే అసలు ఛార్జ్ కాదు" అన్నాం. అది తప్పు.

స్క్రీన్ పైన మూలలో "నాట్ ఛార్జింగ్" అని కనబడేసరికి కొన్నవాళ్లలో చాలామంది అలాగే అనుకున్నారు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే 2.5 వాట్లు. స్క్రీన్ వెలుగుతుంటే అది వాడకానికే చాలదు. స్క్రీన్ ఆపితే మెల్లగా ఎక్కుతుంది. ఎంత ఎక్కిందో చూద్దామని బటన్ నొక్కారో, మళ్లీ అదే మాట! బ్యాటరీ దాదాపు 25 వాట్-అవర్లు కాబట్టి నిండడానికి పది గంటలు దాటుతుంది. కంప్యూటర్ కూడా స్లీప్‌లోకి పోకూడదు. ఇంత అవస్థ కన్నా పెట్టెలో వచ్చిన 10 వాట్ల అడాప్టరే నయం.

అదే రాతలో ఐప్యాడ్ వైఫై తెగడానికి దాని యాంటెనాయే కారణమని తేల్చేయడం కూడా మా తొందరపాటే. స్లీప్ నుంచి లేచాక తెలిసిన నెట్‌వర్క్‌కి తిరిగి కలవకపోతే ముందు రౌటర్ చూడండి. డ్యూయల్ బ్యాండ్ (రెండు ఫ్రీక్వెన్సీల్లో వైఫై ఇచ్చే) రౌటర్లో 2.4, 5 గిగాహెర్ట్జ్‌ల నెట్‌వర్క్‌లకు ఒకే పేరు ఉండి, సెక్యూరిటీ సెట్టింగులు వేరైతే ఈ చిక్కు రావచ్చని యాపిలే చెప్పింది. రెండింటికీ వేర్వేరు పేర్లు, ఒకే రకం సెక్యూరిటీ పెట్టండి. 2010 జూలైలో వచ్చిన ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ 3.2.1 అప్‌డేట్‌లోనూ వైఫై మెరుగుదల ఉంది.