నలభై రెండో రోజు

నాలుగేళ్ల క్రితం, అమెరికాలోని మన తెలుగు సంఘం వారి ఇదే పత్రికలో మా అన్నయ్యకు నివాళి రాశాను. అది చదివి ఫోను చేసి పరామర్శించినవారు మీలో చాలామంది ఉన్నారు. అందులో ‘గుండెపోటుతో హఠాన్మరణం’ అని రాశాను. అది అబద్ధం. మా అన్నయ్య తాగి తాగి చనిపోయాడు. హఠాత్తుగానూ పోలేదు, పన్నెండేళ్లు పట్టింది. కాలేయం చెడి, పొట్టలో నీరు చేరి, చిత్తూరులో మా ఇంటి ముందు గదిలో, నలభై ఎనిమిదో ఏట పోయాడు. గుండెపోటు అని రాయమని అమ్మ కోరింది, వదిన సరేనంది, నేను రాశాను. సంపాదకులకు అసలు సంగతి తెలియదు, కాబట్టి వారినేమీ అనవద్దు.

ఇన్నాళ్లకు ఎందుకు దిద్దుతున్నావని అడగవచ్చు. ఆ అబద్ధం రాసిన నాటి నుంచి ఇందులో వచ్చే నివాళులను నేను మామూలుగా చదవలేకపోతున్నాను. నలభైల్లో, యాభైల్లో పోయిన మగవాళ్ల ఫొటోలు. ‘అకస్మాత్తుగా’, ‘స్వల్ప అస్వస్థతతో’. గుండెజబ్బు మనవాళ్లకు ఎక్కువే, కాదనను. అయినా ప్రతి సంచికలో ఒక్కరైనా నాలాగే రాసి ఉంటారేమో అనిపిస్తుంది.

అన్నయ్య మినీ లారీ నడిపేవాడు. జూన్, జూలై నెలల్లో తోతాపురి లోడుతో మామిడి గుజ్జు ఫ్యాక్టరీల ముందు రాత్రంతా వరసలో నిలబడాలి. తాగుడు అక్కడే మొదలైందని అమ్మ అనేది. కాదు, స్నేహితులని వదిన. కాదు, నాన్న పోయాక అని మా చిన్నాన్న. ఎక్కడ మొదలైందో తేల్చడానికి మా ఇంట్లో జరిగినన్ని వాదనలు ఆస్తి పంపకాల దగ్గర కూడా జరగలేదు. ఎలా ఆగుతుందన్నది మాత్రం ఒక్కరమూ ఒక్కరోజూ కూర్చుని ఆలోచించలేదు. పైగా తాగుడు ఆగడం మేమందరం కళ్లారా చూశాం. ఒకసారి కాదు, ఆరుసార్లు.

అన్నయ్య ఆరేళ్లు అయ్యప్ప మాల వేసుకున్నాడు. ఆరేళ్లూ నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. పొద్దున్నే పాలకు వెళ్తూ బ్రాందీ షాపు దగ్గర ఆగే మనిషి ఆ నలభై ఒక్క రోజులు అదే దారిలో నల్లబట్టలతో, చెప్పులు లేకుండా నడిచి వెళ్లేవాడు. స్వామి మహిమ అనేది అమ్మ. నాకూ నమ్మకం ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ నలభై ఒక్క రోజుల్లో మనుషులు చేసే పని ఎంత ఉందో ఒకసారి లెక్క వేసి చూడండి. తెల్లవారకముందే లేపి చన్నీళ్ల స్నానానికి పిలిచే తోటి స్వాములు ఉంటారు. సాయంత్రం చీకటి పడే వేళకు, అంటే సరిగ్గా నాలుక పీకే వేళకు, భజన ఉంటుంది. ఇవాళ ఒకరింట్లో పడిపూజ, రేపు మరొకరింట్లో భిక్ష. గొంతు తేడాగా వినిపిస్తే చాలు, గురుస్వామి ఇంటికే వచ్చి కూర్చుంటాడు. మెడలో మాల చూసి పాత స్నేహితులే పక్కకు తప్పుకుంటారు. అన్నిటికీ మించి, నిన్నటి దాకా ‘వాడు తాగుబోతు’ అన్న నోళ్లే ‘స్వామీ’ అని పిలుస్తాయి. పెళ్లాం పిలుస్తుంది, పిల్లలు పిలుస్తారు, కూరగాయల బండివాడు పిలుస్తాడు. అన్నయ్య వెన్ను నిటారుగా ఉండేది ఆ రోజుల్లోనే.

తర్వాత శబరిమల నుంచి వచ్చి మాల తీసేవాడు. ఆ సాయంత్రం భజన లేదు. ఎవరూ రారు. మళ్లీ పేరు పెట్టి పిలుస్తారు. నలభై రెండో రోజు ఏడు గంటలకు మా అన్నయ్య ముందు గదిలో ఒక్కడే కూర్చుని ఉండటం నేను ఒక సెలవుల్లో చూశాను. ఎనిమిదింటికి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. ‘చూశావా, ఆగలేడు’ అన్నాం అందరం. ఆపినవాళ్లం మేమే, మళ్లీ వదిలేసినవాళ్లమూ మేమే అన్నది మాకు తట్టలేదు.

దేవుడి దీక్షను తాగుడు వైద్యంతో పోలుస్తావా అని కొందరికి కోపం రావచ్చు. రంజాన్ నెలంతా మానేసే సాయిబులు, శ్రమల దినాల్లో నలభై రోజులు మానేసే క్రైస్తవులు మా వీధిలోనే ఉన్నారు. పండుగ మర్నాడు వాళ్ల ఇళ్లలోనూ ఇదే కథ. దేవుళ్లు వేరైనా ఆ ఒంటరి సాయంత్రం ఒకటే.

కాణిపాకం సంగతి చెప్పాలి. మా ఊరికి పన్నెండు కిలోమీటర్లు ఉంటుందేమో. వరసిద్ధి వినాయకుడి ఎదుట చేసిన ప్రమాణానికి చిత్తూరు జిల్లాలో ఉన్న విలువ కోర్టు కాగితానికి లేదు. తాగుడు మానేస్తామని అక్కడ ప్రమాణం చేసేవాళ్లు ఎందరో. అన్నయ్య రెండుసార్లు చేశాడు. మొదటిసారి పదకొండు రోజులు నిలిచాడు. రెండోసారి నాటికి ఒంటికి మందు లేకపోతే చేతులు వణికే దశకు వచ్చేశాడు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో ప్రమాణం చేసి ఇంటికొచ్చాడు. రెండో రోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. దేవుడి మాట తప్పాలనుకున్నాడేమో, అందుకే శిక్ష పడిందని ఇరుగుపొరుగు అనుకున్నారు.

అది శిక్ష కాదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదికి రావచ్చు. డెలీరియం ట్రెమెన్స్ అంటారు దాన్ని. ఆసుపత్రిలో మందులిచ్చి, విటమిన్ బి1 ఎక్కించి, పక్కన కాచుకుని కూర్చుంటే దాటగలిగే గండమే. ఆ రాత్రి డ్యూటీ డాక్టరు ‘రోజూ ఎంత తాగుతారు?’ అని నేరుగా అడిగాడట. ‘అలవాటే లేదండీ’ అంది అమ్మ. పరువు కోసం డాక్టరు చేతిలోని సగం వైద్యాన్ని మేమే లాగేసుకున్నాం.

బాహుదా నది కథ చిన్నప్పుడు మా అందరికీ చెప్పారు. అన్న అనుమతి లేకుండా మామిడిపండు తిన్న లిఖితుడికి రాజు చేతులు నరికిస్తే, నదిలో మునగగానే మళ్లీ మొలిచాయట. ఆ కథలో రాజు చేసిన పని మా ఇంట్లో ప్రతి ఒక్కరికీ బాగా వచ్చు. నది చేసిన పని ఎవరికీ రాలేదు.

వదిన పడినది రాయాలంటే ఈ సంచిక చాలదు. బియ్యం డబ్బాలో దాచిన సీసాలు వెతకడం, సగం పారబోసి నీళ్లు కలపడం, తాళిబొట్టు తప్ప అన్నీ తాకట్టుకు వెళ్లడం, ఇవన్నీ చాలా ఇళ్లలో జరిగేవే. ఒక్క విషయం మాత్రం హెచ్చరికగా చెబుతాను. ఎవరో చెప్పారని ఒక పొట్లం కొని, అన్నయ్యకు తెలియకుండా కాఫీలో కలిపింది. అందులో ఏముందో ఈనాటికీ తెలియదు. తాగుడు మాన్పించడానికి డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉన్న మాట నిజం. అది డాక్టరు రాయగా, తాగే మనిషి తెలిసి, ఒప్పుకుని వేసుకోవలసినది. తెలియకుండా కలిపి, దాని మీద అతను తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు. మీ ఇంటివాళ్లెవరైనా ఆ పొట్లాల గురించి ఫోనులో చెబితే వద్దనండి.

ఇక నా వాటా. నెల నెలా డబ్బు పంపాను. లారీ మరమ్మతన్నా, పిల్లల ఫీజన్నా, అడిగినప్పుడల్లా పంపాను. అన్నయ్య తిరిగిన బ్రాందీ షాపులకు నిజమైన ఖాతాదారును నేనే. పంపకపోతే ‘అమెరికాలో ఉండి చూడలేదు’ అంటారన్న భయం నాది.

1935లో మనం ఉంటున్న ఈ దేశంలోనే, ఒహాయో రాష్ట్రం ఏక్రన్ ఊళ్లో, తాగాలన్న కోరికతో సతమతమవుతున్న బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకరు తనలాంటి మరో తాగుబోతు కోసం ఫోన్లు చేశాడు. దొరికిన మనిషి బాబ్ స్మిత్, వృత్తి రీత్యా సర్జన్. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది అలాగే. కొత్తగా వచ్చినవాడికి పాతవాడొకడు తోడుండి, అర్ధరాత్రి ఫోను చేసినా పలకాలన్నది అక్కడి పద్ధతి. అది చదివినప్పుడు గురుస్వామి గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాకపోతే ఆ గురుస్వామికి నలభై ఒక్క రోజుల గడువు లేదు. విల్సన్ భార్య లోయిస్ 1951లో మరొకరితో కలిసి కుటుంబాల కోసం విడిగా అల్-అనాన్ పెట్టింది. ఈ జబ్బు నువ్వు తెచ్చింది కాదు, నీ అదుపులో ఉండేది కాదు, నువ్వు నయం చేయగలిగేదీ కాదు అన్నది అక్కడ చెప్పే మొదటి మాట. వదినకు ఫోనులో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. “ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అమ్మాయి” అంది.

మన దగ్గరా ఉన్నారు. చెన్నైలో శాంతి రంగనాథన్ భర్తను తాగుడుకు పోగొట్టుకుని, 1980లో చికిత్స సంస్థ ప్రారంభించారు. 1992లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కుటుంబసభ్యులకూ విడిగా శిక్షణ ఉంటుంది. వేలూరు సీఎంసీ వారి బాగాయం మానసిక వైద్య కేంద్రంలో రోగితోపాటు ఇంటి మనిషి ఒకరు ఉండటం దశాబ్దాల నాటి పద్ధతి. బాగాయం మా ఇంటికి గంట, గంటన్నర ప్రయాణం. మేం వెళ్లలేదు. ఒకటి, ‘పిచ్చాసుపత్రి’ అంటారని. రెండు, వదిన బ్లౌజులు కుట్టే మిషను నెల రోజులు ఆగితే ఇల్లు గడవదని. మొదటి కారణం సిగ్గుచేటైనది, రెండోది నిజమైనది. 2019లో కేంద్ర ప్రభుత్వం, ఎయిమ్స్ వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం వల్ల సాయం అవసరమైనవారు 5.7 కోట్లమంది. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒక్కరికి. మిగిలిన 37 మంది ఇళ్లలోనూ ఆగకూడని ఒక కుట్టు మిషను ఉండే ఉంటుంది.

మన సంఘాన్ని నేను అడుగుతున్నది ఆ నెల జీతమే. ఊళ్లలో మనం గదులు కట్టించాం, శిలాఫలకాలు వేయించాం, ఇక్కడ ఎవరైనా పోతే రెండు రోజుల్లో చందాలు పోగుచేసి శవాన్ని విమానం ఎక్కిస్తాం. అది గొప్ప పనే. కానీ చావుకు ఇంత చురుగ్గా కదిలే సంఘం, ఆ మనిషి బతికుండగా పక్కన కూర్చునే భార్యకో తల్లికో నెల ఆదాయం ఇవ్వలేదా? దాని మీద ఎవరి పేరూ చెక్కించుకోలేమన్నది నిజమే.

ఇక్కడి మాట కూడా. వార్షికోత్సవం హోటల్లో బార్ ముందు వరస సాంస్కృతిక కార్యక్రమం కంటే పొడవుగా ఉండటం అందరం చూస్తున్నదే. తాగి బండి నడిపి అరెస్టయితే వీసా రద్దు కావచ్చన్న భయంతో నోరు మెదపని ఇళ్లు మన మధ్య ఉన్నాయి. నాలుగు మైళ్ల దూరంలో చర్చి బేస్‌మెంట్‌లో సమావేశం జరుగుతున్నా, ఎవరైనా చూస్తారని వెళ్లరు. వెళ్లినవారిలో ఒకరు నాతో అన్నారు, ఇంగ్లీషులో అన్నీ చెప్పగలిగానుగానీ ఏడవలేకపోయానని. నెలకోసారి, బ్యానరు లేకుండా, ఫొటోలు లేకుండా, గ్రంథాలయంలో ఒక గది చాలు. టీ నేను తెస్తాను. పిల్లలున్నవారు, తాగుడుకు పనిచేయకపోయినా, హెరాయిన్, ఫెంటనిల్ లాంటి మత్తుమందుల ఓవర్‌డోస్‌కు విరుగుడైన నలోక్సోన్ స్ప్రే ఇంట్లో ఉంచుకోండి. 2023 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. ఊళ్లోవారికి చెప్పడానికి భారత ప్రభుత్వ వ్యసన విముక్తి నంబరు 14446.

మా పొరుగు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఇవేమీ లేకుండానే మొదలుపెట్టారు. రాత్రి బడిలో చదువుకున్న ఒక పాఠం వారిని కదిలించింది. అప్పటిదాకా ఎవరి మొగుడి సంగతి వాళ్లింట్లో గుట్టు. అది ఊరి సంగతి అయిన రోజున సారా దుకాణం మూతపడింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో అది పోయింది. చట్టం వస్తుంది, పోతుంది. గుట్టు విప్పిన ఆ పని మాత్రం ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేనిది.

వదిన తమ్ముడు కూడా తాగుతాడు. ఈసారి మాల వేసుకునే ముందు వదిన అతన్ని తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లి, ఎంత తాగుతాడో మిల్లీలీటర్లతో సహా చెప్పింది. డిసెంబరు ఆఖరులో శబరిమల నుంచి తిరిగొస్తాడు. మర్నాడు సాయంత్రం ఏడింటికి మా ముందు గదిలో, అన్నయ్య మంచం ఉన్న గదిలోనే, ఐదుగురు కూర్చుంటారు. గురుస్వామిని కూడా పిలిచింది వదిన. మాల తీశాక నాతో పనేముందమ్మా అని నవ్వారట. ఆ తర్వాత వస్తానన్నారు. ఉప్మా, టీ. అప్పుడు ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర. నేను ఫోనులో ఉంటాను.