పసిపిల్లల కదలికకు కొలత కట్టిన ఫిజియోథెరపిస్టు

ఫిజియోథెరపిస్టు అంటే కాళ్లూ చేతులూ వంచి వ్యాయామం చేయించే మనిషి అన్న అభిప్రాయం మన దగ్గర ఇంకా బలంగానే ఉంది. మార్తా పైపర్ జీవితం తెలిస్తే ఆ మాట అనలేం. అమెరికాలో ఫిజికల్ థెరపీ, శిశు వికాసం చదివి, కెనడాలోని మెక్‌గిల్‌ విశ్వవిద్యాలయంలో ఎపిడెమియాలజీ (జనంలో వ్యాధుల తీరును పరిశీలించే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (వైద్య గణాంక శాస్త్రం)‌లో డాక్టరేట్ చేసిన ఆమె, 1997లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలయ్యారు. నన్ను ఆకట్టుకున్నది ఆ పదవి కన్నా, దానికి ముందు చేసిన పని.

1986లో ఆమె బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. పుట్టుకలోనే ముప్పు ఎదుర్కొన్న శిశువుల్లో కొందరికి తొలి నెలల నుంచే ఫిజియోథెరపీ ఇచ్చి, మిగిలినవారితో పోల్చారు. ఏడాది వయసు నాటికి తేడా కనిపించలేదు. సొంత వృత్తినే పరీక్షకు పెట్టి, వచ్చిన ఫలితాన్ని దాచకుండా చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. ఏ బిడ్డకు చికిత్స అవసరమో, ఎవరిలో మార్పు వస్తోందో పట్టుకునే సరైన కొలమానం లేనంత కాలం ఇలాంటి చర్చ తెగదు.

ఆ కొలమానాన్ని కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో జొహానా డారాతో కలిసి ఆమె తయారుచేశారు. పుట్టినప్పటి నుంచి 18 నెలల వరకు వాడే ఆల్బెర్టా ఇన్‌ఫాంట్ మోటార్ స్కేల్‌లో 58 అంశాలున్నాయి. ఏ వయసులో ఎన్ని మార్కులు రావడం మామూలో చెప్పే ప్రామాణిక విలువల కోసం 2,202 మంది శిశువులను పరిశీలించారు. బిడ్డ బోర్లా, వెల్లకిలా ఉన్నప్పుడు, కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు దాదాపు తాకకుండానే చూస్తారు. ఉదాహరణకు బోర్లా ఉన్నప్పుడు: బరువు మోచేతుల మీద పడుతోందా, అరచేతుల మీదా? తల ఎంత లేస్తోంది? బొమ్మ కోసం ఒక చేయి చాపితే రెండో వైపు నిలదొక్కుకుంటోందా? ఇంతే. బొమ్మలు, పరుపు తప్ప పెద్ద పరికరాలు అక్కర్లేదు. మెదడుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే దీనికి శిశువుల నాడీ వ్యవస్థను చూసే హామర్‌స్మిత్ పరీక్ష లాంటివి తోడు కావాలి. కండరాల బిగువు, ప్రతిచర్యలు, కుడి ఎడమల తేడా తేలేది అక్కడే.

ఆల్బెర్టా పిల్లల విలువలు అందరికీ అతకవు. నెదర్లాండ్స్ శిశువులకు తక్కువ మార్కులు రావడంతో, తమకు వేరే ప్రమాణాలు కావాలని అక్కడి పరిశోధకులు తేల్చారు. మరి మన బిడ్డల సంగతి? నేల మీద చాప పరిచి పెంచే ఇంట్లోనూ, ఎప్పుడూ చంకనెత్తుకునే ఇంట్లోనూ బోర్లాపడే ఈడు ఒకటే అనుకోవడం తొందరపాటు. ఇది తేల్చాల్సింది మన ఫిజియోథెరపీ అధ్యాపకులే.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్య పరీక్షల కేంద్ర పథకం) కింద జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. వాటిలో ఫిజియోథెరపిస్టు పోస్టు కూడా ఉంది. అక్కడికొచ్చే పిల్లల కదలికలను కళాశాలల్లోని పరిశోధక విద్యార్థులు ఒకే పద్ధతిలో నమోదు చేస్తూ పోతే, తెలుగు నేల మీద పుట్టిన శిశువుల సొంత విలువలకు పునాది పడుతుంది. అందుకు బోధనతో పాటు పరిశోధనకూ సమయమిచ్చే శాశ్వత అధ్యాపక పోస్టులు, గణాంక శాస్త్రంలో శిక్షణ కావాలి. పోటీ పరీక్షల మార్కుల కోసం చదివించే వేగంతోనే కళాశాలలను నడిపిస్తే పైపర్ లాంటి అధ్యాపకులు మనకు దొరకరు.